తోట వేసినవారి పేరు

1955లో, అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో, ఎనభై దాటిన ఒక పెద్దావిడ తన తోటను తనే పీకించేశారు. ఆమె పేరు బియాట్రిక్స్ ఫరాండ్. తోట పేరు రీఫ్ పాయింట్. చిన్నప్పుడు వేసవికి అమ్మానాన్నలతో వచ్చి ఉండిన చోటు అది. 1945లో భర్త పోయాక ఆ ఇంటినీ తోటనూ ల్యాండ్‌స్కేప్ విద్యార్థులకు పనికొచ్చే కేంద్రంగా మార్చాలని పదేళ్లు కష్టపడ్డారు. లైబ్రరీ కూర్చారు, బులెటిన్లు అచ్చేయించారు, ఆకులూ పూలూ ఆరబెట్టించి హెర్బేరియం తయారుచేయించారు. ఈలోగా 1947లో కార్చిచ్చు ఆ ఊరున్న దీవిని కాల్చింది. ధనికుల భవంతులు బూడిదై పన్నుల రాబడి తరిగిపోయిన ఊరు, ఆమె సంస్థకు పన్ను మినహాయింపు ఇవ్వనంది. తన తర్వాత తోట చూసే దిక్కుండదని తేలిపోయింది. అప్పుడామె ఇల్లు పడగొట్టించారు, మొక్కల్ని అమ్మేశారు.

కథ అక్కడే ఆగితే జాలిపడి ఊరుకోవచ్చు. ఆ మొక్కల్ని చార్ల్స్ సావేజ్ అనే స్థానికుడు, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన సొమ్ముతో కొని, అదే దీవిలో ఆస్టికూ అజేలియా తోట వేశాడు. ఇవాళ్టికీ జనం వెళ్లి చూస్తున్నారు. పుస్తకాలు, డ్రాయింగులు, హెర్బేరియం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరాయి. వాటితోపాటు సుమారు నాలుగు వందల తోటలకు రూపమిచ్చిన ఇంగ్లండు డిజైనరు గెర్ట్రూడ్ జీకిల్ ప్లాన్లు కూడా వెళ్లాయి. వాటిని 1948లో ఫరాండే కొని దాచారు. తర్వాతి కాలంలో జీకిల్ తోటల్ని పునరుద్ధరించబోయిన ఇంగ్లిషువాళ్లు, తమ దేశపు తోటల ప్లాన్ల కోసం కాలిఫోర్నియా వైపు చూడాల్సి వచ్చింది.

ఇది స్మారకోపన్యాసం, పోయినవారిని తలుచుకునే సందర్భం. భవనాలు కట్టినవారిని తలుచుకోవడం తేలిక, గోడ చూపిస్తే చాలు. తోటలు, పార్కులు, చెరువు గట్లు, కాలేజీ ఆవరణలు తీర్చినవారి విషయంలో ఆ సౌకర్యం లేదు. చెట్టు చచ్చిపోతుంది, యజమాని మారతాడు, పార్కింగుకు జాగా కావాలంటారు. ఆడవాళ్ల విషయంలో ఇంకో ముడి కూడా పడింది. మిగిలి ఉన్న పని సైతం పక్కనున్న ఆర్కిటెక్టు పేరున చెల్లిపోతుంది. అందుకే ఈ ఉపన్యాసం అందమైన తోటల వర్ణన జోలికి పెద్దగా పోదు. ఈ వృత్తిలో స్త్రీలకు చదువు ఎక్కడ దొరికింది, జీతం ఎవరిచ్చారు, పేరు ఎలా మిగిలింది అన్న లెక్కలు చూస్తుంది. ప్రతిభకు ఏనాడూ కరువు లేదనీ, కరువల్లా ఈ మూడింటికేననీ ఈ వక్త నమ్మకం.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అంటే పూలకుండీలు సర్దే మనిషి అనుకునేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. స్థలం వాలు ఎటు, వాన నీళ్లు ఎక్కడ నిలిచి ఎక్కడ ఇంకాలి, ఏ మట్టి ఏ వేరును ఒప్పుకుంటుంది, మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతుంది, జనం ఏ దారిన నడుస్తారు, ఇరవయ్యేళ్లకు ఈ చెట్టు ఎంత గొడుగు పడుతుంది... ఇవి ఆ పనిలో భాగాలు. భవనం మొదటిరోజే పూర్తయినట్టు కనిపిస్తుంది. ఈ పని మొదటిరోజు నాసిగా ఉంటుంది, పదిహేనేళ్లకు గాని బయటపడదు. వృత్తిజీవితాన్ని కట్టుకోవడానికి ఇది కష్టమైన రంగం. పేరు రావాల్సిన రోజుకు కాంట్రాక్టు ముగిసిపోయి ఉంటుంది.

ఫరాండ్ 1872లో న్యూయార్కులో పుట్టారు. నవలా రచయిత్రి ఈడిత్ వార్టన్ ఆమె మేనత్త. డబ్బూ పరిచయాలూ ఉన్న కుటుంబం కాబట్టి ఆమెకు దారి సుగమమైందనేది నిజం, దాన్ని దాచక్కర్లేదు. కానీ ఆమె చదువుదామనుకున్న రోజుల్లో ఈ విద్య నేర్పే కాలేజీ కోర్సంటూ అమెరికాలో ఎవరికీ లేదు. హార్వర్డ్‌కు చెందిన ఆర్నాల్డ్ ఆర్బొరీటమ్ డైరెక్టరు చార్లెస్ స్ప్రేగ్ సార్జెంట్ ఇంట్లో అతిథిగా ఉంటూ, ఆయన చెట్ల మధ్య తిరుగుతూ నేర్చుకున్నారు. ప్లాను కోసం నేలను వంచొద్దు, నేలకు తగ్గట్టు ప్లాను గీయమన్నది ఆయన చెప్పిన పాఠం. యూరప్ తోటలు చూసివచ్చి, 1895లో న్యూయార్కులో తల్లి ఇంటి పై అంతస్తులో ఆఫీసు తెరిచారు. 1899లో అమెరికన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యులు పదకొండు మంది. వారిలో స్త్రీ ఆమె ఒక్కరే.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి 1912 నుంచి మూడు దశాబ్దాలు సలహాదారుగా ఉన్నారు. మొక్కల్ని బయట కొనడం దండగని క్యాంపస్‌లోనే నర్సరీ పెట్టించారు. యేల్‌లో పనిచేశారు. అయితే ఆమె పనితనం పూర్తిగా తెలిసేది వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్‌లో. రాబర్ట్, మిల్డ్రెడ్ బ్లిస్ దంపతులు 1920లో కొన్న ఆ కొండవాలు ఎస్టేటులో 1921 నుంచి పాతికేళ్లు ఆమె చెయ్యి ఆడింది. బ్లిస్ దౌత్యవేత్త. స్వీడన్‌లో, తర్వాత అర్జెంటీనాలో ఉండేవాడు. యజమానురాలు ఖండాల అవతల, తోట ఇక్కడ. కాబట్టి పని చాలామటుకు ఉత్తరాల మీద నడిచింది. మెట్ల పక్క స్తంభం ఎంత ఎత్తుండాలో తేల్చడానికి చెక్కతో అసలు కొలతల్లోనే నమూనా చేయించి, ఆ చోట నిలబెట్టి చూసేవారట.

1940లో బ్లిస్ దంపతులు ఆ ఎస్టేటును హార్వర్డ్‌కు ఇచ్చేశారు. ఇక తోట ఒక సంస్థ చేతుల్లోకి, అంటే ఎవరి చేతుల్లోకీ కాని చోటికి వెళ్తోంది. అప్పుడు ఫరాండ్ ఒక మాన్యువల్ రాశారు. ఫలానా చోట ఉన్న చెట్టు ఏ ఉద్దేశంతో పెట్టిందో, అది చచ్చిపోతే దాని బదులు ఏది నాటవచ్చో, ఏది నాటకూడదో, ఏ కంచెను ఎంత ఎత్తు మించనివ్వకూడదో తోటలోని భాగాల వారీగా వివరంగా ఉంటుంది. అది పుస్తకంగా వెలువడింది 1980లో, ఆమె పోయిన ఇరవై ఏళ్ల తర్వాత. డంబార్టన్ ఓక్స్ ఇవాళ గుర్తుపట్టేలా ఉందంటే ఆ కాయితాల చలవ చాలా ఉంది. మన మునిసిపల్ పార్కుల్లో ఒక్కదానికైనా ఇలాంటి పుస్తకం రాసి, మాలికి అర్థమయ్యే తెలుగులో చేతికిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

అందరికీ ఫరాండ్‌లా సార్జెంట్ దొరకడు కదా. 1900లో హార్వర్డ్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ కోర్సు మొదలైంది, మగవాళ్లకు. మరుసటి ఏడే జూడిత్ మోట్లీ లో అనే ఆమె మసాచుసెట్స్‌లోని గ్రాటన్‌లో ఆడవాళ్ల కోసం లోథార్ప్ స్కూలు పెట్టారు. 1915లో ఇంకో విచిత్రం జరిగింది. కేథరిన్ బ్రూక్స్ అనే యువతి హార్వర్డ్‌లో ల్యాండ్‌స్కేప్ చదువుతానని వెళితే కుదరదన్నారు. కానీ అక్కడే పాఠాలు చెప్పే హెన్రీ ఆథర్టన్ ఫ్రాస్ట్‌కు ఆమెకు విడిగా చెప్పమని పురమాయించారు. ఒకరి కోసం మొదలైన ట్యూషనుకు ఇంకొందరు వచ్చి చేరారు. అదే కేంబ్రిడ్జ్ స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అండ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అయింది. హార్వర్డ్ గేటు బయట, హార్వర్డ్ పంతులు, హార్వర్డ్ పాఠాలు. డిగ్రీ మాత్రం లేదు. 1930లలో స్మిత్ కాలేజీతో అనుబంధం ఏర్పడ్డాక గాని అక్కడి అమ్మాయిలకు డిగ్రీ చేతికి రాలేదు.

ఈ బడిలో ఇల్లూ పెరడూ కలిపి నేర్పేవారు. ఒకే స్టూడియోలో గోడ గీసి, ఆ గోడ పక్కన నేలా గీయాలి. మగవాళ్ల కాలేజీల్లో ఇవి రెండు వేరు శాఖలు. 1942లో యుద్ధానికి మగపిల్లలు వెళ్లిపోయి తరగతులు ఖాళీ అయ్యేసరికి హార్వర్డ్ ఆడవాళ్లకు తలుపు తీసింది. అదే ఏడు కేంబ్రిడ్జ్ స్కూలు మూతపడింది. దీన్ని విజయమనే చరిత్రలు రాశాయి. విజయమే, కాదనడానికి లేదు. కానీ ఆడవాళ్లను ఆడవాళ్లుగా వృత్తిలోకి తయారుచేసిన బడి పోయింది, దాని పాతికేళ్లకు పైబడిన బోధనానుభవం పోయింది. దాని బదులు దొరికిన సీటు యుద్ధకాలపు ఖాళీ వల్ల వచ్చింది. లాభనష్టాల్లో రెండో పద్దును ఎవరూ సరిగా రాయలేదు.

చదివాక ఉద్యోగం? మేరియన్ కాఫిన్ 1904లో ఎంఐటీలో ఈ చదువు పూర్తి చేసి బయటికొస్తే ఆఫీసుల వాళ్లు తీసుకోలేదు. చేసేది లేక న్యూయార్కులో సొంత ఆఫీసు పెట్టుకున్నారు. మొదట్లో పనులన్నీ ఇళ్ల తోటలే. ఇంటి పెరడు ఆడవాళ్లకు తగిన పని అన్న అభిప్రాయం ఆ రోజుల్లో ఉండేది. ఆ అభిప్రాయమే వాళ్లకు గేటు తీసింది, దాటి పార్కులోకీ రోడ్డు మీదికీ పోకుండా అడ్డం కూడా పెట్టింది. కాఫిన్‌కు గేటు దాటే అవకాశం డెలావేర్ విశ్వవిద్యాలయం దగ్గర వచ్చింది. అక్కడ ఉత్తరాన మగవాళ్ల కాలేజీ, దక్షిణాన ఆడవాళ్ల కాలేజీ. రెంటినీ ఒకే క్యాంపస్‌గా కలపాలి. తీరా చూస్తే రెండింటి మధ్యగీతలు ఒకే వరుసలోకి రావు, పక్కకు జరిగి ఉన్నాయి. కాఫిన్ ఆ రెండు గీతలూ తప్పిపోయే చోట ఒక వృత్తం గీశారు. నడిచేవాడు వృత్తం చుట్టూ తిరిగి అవతలి దారి పట్టుకుంటాడు. వంకర ఉన్నట్టే తెలియదు.

ఎలెన్ బిడిల్ షిప్‌మన్ కథ వేరు. నాటక రచయిత అయిన భర్త వదిలి వెళ్లిపోయాడు, ముగ్గురు పిల్లలు. న్యూ హాంప్‌షైర్‌లో పొరుగునున్న ఆర్కిటెక్టు చార్ల్స్ ప్లాట్ ఆమె గీతల్లో పస చూసి డ్రాఫ్టింగ్ నేర్పించాడు. ఆయన ఇళ్లకు ఆమె తోటలు వేస్తూ మొదలుపెట్టి, న్యూయార్కులో పెద్ద ఆఫీసు నడిపారు. ఆ ఆఫీసులో డిజైనర్లుగా ఆడవాళ్లనే తీసుకున్నారు, చాలామంది లోథార్ప్ స్కూలు నుంచి వచ్చినవాళ్లు. వేరే చోట ఉద్యోగం దొరకని అమ్మాయికి అక్కడ జీతమూ దొరికేది, సైటు అనుభవమూ దొరికేది. ఆమె వేసిన తోటల్లో అధికభాగం నేడు లేవు. నార్త్ కెరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1930ల చివర ఆమె రూపమిచ్చిన అంచెల తోట మాత్రం నిలిచింది. ఈ వక్త దృష్టిలో షిప్‌మన్ పెద్ద పని ఆ అంచెలు కావు, ఆ ఆఫీసు హాజరు పట్టీ.

ఇంగ్లండులో పెరడు దాటడం ఇంకాస్త గట్టిగా జరిగింది. కెంట్‌లోని స్వాన్లీ హార్టికల్చరల్ కాలేజీ 1891లో ఆడవాళ్లను చేర్చుకుంది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పూర్తిగా మహిళా కాలేజీ అయిపోయింది. అక్కడ చదివిన ఇద్దరు, బ్రెండా కాల్విన్, సిల్వియా క్రో, యుద్ధం తర్వాత లండన్‌లో ఒకే ఆఫీసు పంచుకున్నారు. భాగస్వాములు మాత్రం కాలేదు, ఎవరి పని వాళ్లదే. 1951లో కాల్విన్ అక్కడి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంస్థకు అధ్యక్షురాలయ్యారు. 1957లో క్రో ఆ కుర్చీలో కూచున్నారు. క్రో అటవీ శాఖకు సలహాదారుగా, కొండల మీద పైన్ తోటలు తివాచీ ముక్కలు కత్తిరించినట్టు చదరాలుగా కాకుండా కొండ వంపుల వెంట ఎలా నాటాలో నేర్పారు. విద్యుత్ కేంద్రాలు, రోడ్లు, రిజర్వాయర్ల చుట్టూ నేలను ఎలా తీర్చాలో పుస్తకాలు రాశారు.

కాల్విన్ చేసిన పనుల్లో తెలుగువాళ్లు చూసి తీరాల్సింది యార్క్‌షైర్‌లోని గేల్ కామన్. అది బూడిద కొండ. 1960లలో ఎగ్‌బరో థర్మల్ కేంద్రం నుంచి గొట్టాల్లో బురదగా వచ్చే బూడిదనూ, బొగ్గుగని వ్యర్థాలనూ దశాబ్దాల తరబడి పోసుకుంటూ పోవాలి. ఎక్కడో ఒక గుంటలో పోసి వదిలేయకుండా, అది పెరుగుతున్నకొద్దీ కొండలా ఆకారం తీసుకోవాలనీ, ఒక పక్క పోస్తుండగానే పూర్తయిన పక్క మీద గడ్డీ చెట్లూ లేవాలనీ ఆమె ప్లాను ఇచ్చారు. పాతకాలపు రైతులు వాలు మీద దున్నుకున్న మడి గట్ల గీతలు ఆ కొండ మీద కనిపించేలా మలిచారు. ఇబ్రహీంపట్నంలోనో రామగుండంలోనో బూడిద చెరువు పక్క ఊళ్లలో వేసవి గాలికి దుప్పట్లు దులుపుకునేవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. బూడిదకు కూడా డిజైనరు ఉండొచ్చని, ఆ డిజైనరు తోటపని కాలేజీలో చదివిన స్త్రీ అయివుండొచ్చని అరవయ్యేళ్ల కిందటే ఒక విద్యుత్ సంస్థ ఒప్పుకుంది.

ఇక కార్నీలియా హాన్ ఓబర్‌లాండర్. 1921లో జర్మనీలో పుట్టారు. తల్లి బియాటే హాన్ తోటపని తెలిసిన మనిషి, పిల్లల కోసం ఆ విషయం మీద పుస్తకాలు రాసింది. పదకొండేళ్ల వయసులో కార్నీలియా ఒక చిత్రకారుడి స్టూడియోలో తన బొమ్మ గీయించుకుంటూ కూచుని, గోడ మీది నగర చిత్రంలో పచ్చగా ఉన్నదేమిటని అడిగింది. పార్కు అన్నారు. నేను పార్కులు చేస్తానని ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. తండ్రి ఆ రోజుల్లోనే మంచుచరియల్లో పోయాడు. 1938 నవంబరులో యూదుల ఇళ్లూ దుకాణాలూ ధ్వంసం చేసిన రాత్రి తర్వాత తల్లి పిల్లలతో దేశం విడిచి, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరింది. కార్నీలియా స్మిత్ కాలేజీలో చదివి, హార్వర్డ్ తలుపు తెరుచుకున్న తొలి ఏళ్లలో లోపలికి వెళ్లి 1947లో డిగ్రీ తెచ్చుకున్నారు. ఫిలడెల్ఫియాలో ఆర్కిటెక్టులు లూయీ కాన్, ఆస్కర్ స్టోనొరోవ్‌లు పేదలకు కట్టిన ప్రభుత్వ గృహ సముదాయాల ఆవరణల మీద పనిచేశారు. సంపన్నుల పెరడుతో మొదలైన వృత్తి, ఒక్క తరంలో ప్రభుత్వ క్వార్టర్ల వాకిలికి వచ్చింది.

1953లో ప్లానర్ అయిన భర్తతో కెనడాలోని వాంకూవర్ వెళ్లారు. అక్కడ డెబ్బయికి పైగా ఆటస్థలాలు ఆమె చేతి మీదుగా వచ్చాయి. ఇనప ఉయ్యాలలూ జారుడుబల్లలూ సిమెంటు నేలలో పాతేయడం ఆమెకు నచ్చేది కాదు. ఇసుక, నీళ్లు, దుంగలు, ఎక్కడానికి ఒక మట్టిదిబ్బ ఇస్తే మిగతాది పిల్లలే చేసుకుంటారనేవారు. 1967 మాంట్రియల్ ఎక్స్‌పోలో అలాంటిదొకటి కట్టి చూపించారు. తర్వాత ఆర్కిటెక్టు ఆర్థర్ ఎరిక్సన్‌తో కలిసి నగరం నడిబొడ్డున మూడు బ్లాకుల రాబ్సన్ స్క్వేర్. కింద ప్రభుత్వ ఆఫీసులు, పైన చెట్లు, జలపాతం. కప్పు మోయలేని మట్టిని తేలిక చేయాలి, వేళ్లు కప్పును చీల్చకుండా చూడాలి, నీరు కిందికి దిగకూడదు. ఇవన్నీ 1970లలో చేతికందిన పరిష్కారాలు కావు, వెతికి పట్టుకున్నవి. వాంకూవర్‌లో ఎవరినడిగినా రాబ్సన్ స్క్వేర్ అనగానే మొదట ఎరిక్సన్ పేరే వస్తుంది.

ఉత్తరాన, సంవత్సరంలో చాలా నెలలు గడ్డకట్టి ఉండే ఎలోనైఫ్‌లో శాసనసభ భవనం 1993లో తెరిచారు. అక్కడి నేలకు సరిపడే మొక్కలు ఏ నర్సరీలోనూ దొరకవు. ఓబర్‌లాండర్ ఆ చుట్టుపక్కలే గింజలూ కొమ్మలూ ఏరించి, వాంకూవర్ తీసుకెళ్లి నారు పెంచి, మళ్లీ తెచ్చి అదే నేలలో నాటించారు. అప్పటికి ఆమె డెబ్బయ్యో పడిలో ఉన్నారు. ఆపై కూడా చాలాకాలం పని మానలేదు. 2021 మేలో, నూరో పుట్టినరోజుకు నెల ముందు, కోవిడ్‌తో పోయారు. ఆమె కాయితాలు మాంట్రియల్‌లోని కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో ఉన్నాయి. ఆమె పేరిట ఏర్పడిన అంతర్జాతీయ బహుమతి అదే ఏడు మొదటిసారి జూలీ బార్గ్‌మన్‌కు వెళ్లింది. ఆమె మూతపడ్డ ఫ్యాక్టరీల, గనుల విషపు నేలల మీద పనిచేసే డిజైనరు.

ఫిలడెల్ఫియా ప్రస్తావన వచ్చింది కనుక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆన్ విస్టన్ స్పర్న్ గురించి చెప్పాలి. ఆ నగరం పశ్చిమాన మిల్ క్రీక్ అనే వాగు ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర దాన్ని గొట్టంలో పెట్టి పైన మట్టి కప్పి, వీధులు వేసి ఇళ్లు కట్టారు. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ దారి పొడుగునా రోడ్లు కుంగాయి, ఇళ్లు కూలాయి, స్థలాలు పాడుబడ్డాయి. స్పర్న్ 1987 నుంచి ఆ పేట మీద పట్టుబట్టి పనిచేశారు. పాడుబడ్డ స్థలాల పటాన్ని పాత వాగు పటం మీద పరిచి చూపించారు. పేదరికమని అందరూ అనుకున్నదాంట్లో కొంత భాగం కింద పారుతున్న నీరు అని రుజువైంది. ఆ ఖాళీ స్థలాలనే వాన నీరు ఆగి ఇంకే చోట్లుగా మార్చవచ్చన్నారు. అధికారులు చాలాకాలం వినిపించుకోలేదు. ఆమె ఆ పేట స్కూలు పిల్లలకు పటాలు చదవడం నేర్పారు. 2011లో ఫిలడెల్ఫియా నగరం వాన నీటిని నేలలోనే పట్టే పెద్ద పథకాన్ని చేపట్టింది. అప్పటికి ఆమె ఈ మాట చెప్పడం మొదలుపెట్టి పాతికేళ్లు కావస్తోంది. అమీర్‌పేటలోనో, పాతబస్తీలోనో నాలా మీద ఇల్లు కట్టుకున్నవారికి మిల్ క్రీక్ పరాయి ఊరనిపించదు.

మన దేశం నుంచి ఈ ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించినవారు అనురాధా మాథుర్. అహ్మదాబాద్ సెప్ట్‌లో ఆర్కిటెక్చర్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ల్యాండ్‌స్కేప్ చదివి, అక్కడే ఆచార్యురాలయ్యారు. భర్త దిలీప్ ద కున్హాతో కలిసి మిసిసిపీ వరదల మీద, బెంగళూరు నేల మీద పుస్తకాలు రాశారు. 2005 జులై 26న ముంబైలో శాంతాక్రూజ్ దగ్గర ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మిఠీ నది పొంగింది, నదిని వెడల్పు చేసి గోడలు కట్టాలని అందరూ అన్నారు. మాథుర్ దంపతులు వేరే ప్రశ్న వేశారు. అసలు నదికి ఒడ్డు ఇక్కడ అని మ్యాపు మీద గీత గీసిందెవరు? ఏ రుతువులో గీశారు? సముద్రపు పోటూ వాన నీరూ కలిసే చోట గీత నిలుస్తుందా? 2009లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 'సోక్' అనే ప్రదర్శన పెట్టి, ముంబైని గోడలతో కాకుండా నీరు పీల్చుకునే నేలగా గీసి చూపించారు. నగర ఇంజనీర్లకు అది అచ్చంగా పనికొచ్చే ప్లాను కాదన్న విమర్శ ఉంది, అందులో కొంత న్యాయమూ ఉంది. కానీ ఆ ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు. 2022లో ఆమె పోయారు.

ఈ గీత ప్రశ్న మనకు కొత్తది కాదు. చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) ఎక్కడి వరకు, శిఖం భూమి ఎవరిది, అలుగు ఎటు పారాలి అన్న తగాదాలు లేని మండలం తెలుగునాట లేదు. 1908లో మూసీ వరద నేర్పిన పాఠం తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చెరువుల కట్టలు తెగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది. ఆ విజయవాడలోనే 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ల్యాండ్‌స్కేప్‌లో పీజీ కోర్సు ఉంది. ఢిల్లీలో ఈ చదువు 1972లో మొదలైంది. 2003లో దేశంలోని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు సొంత సొసైటీ వచ్చింది. గీతా వాహీ దువా సంపాదకురాలిగా ఒక పత్రిక కూడా రెండు దశాబ్దాలుగా ఈ పనులను అచ్చులో నమోదు చేస్తోంది. మన కాలేజీల్లో ఏ ఆర్కిటెక్చర్ తరగతికి వెళ్లినా బెంచీల్లో సగం అమ్మాయిలవే అనిపిస్తుంది. సీటు కోసం పోరాడాల్సిన కాలం దాటింది.

ఆ తర్వాత మెట్టు దగ్గరే కాలు జారుతోంది. అయిదేళ్ల బీఆర్క్, రెండేళ్ల ఎంఆర్క్ అయ్యాక ఈ పేరుతో విడిగా రిజిస్ట్రేషను లేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టును మాత్రమే గుర్తిస్తుంది. మునిసిపాలిటీలో టౌన్‌ప్లానింగ్ ఉంది, ఇంజనీరింగ్ ఉంది, పార్కుల విభాగం ఉంది. వాలూ నీరూ మొక్కా కలిపి చూసే కుర్చీ సాధారణంగా ఉండదు. దాంతో అమ్మాయిలు గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్ ముందు ఈతకొలనూ పచ్చికా గీస్తున్నారు. అదీ గౌరవంగా చేయదగ్గ పనే. కానీ వందేళ్ల కిందట కాఫిన్ దాటి వచ్చిన గేటు లోపలికే మళ్లీ చేరినట్టయింది. సైటుకు వెళ్దామంటే చాలాచోట్ల ఆడవాళ్లకు టాయిలెట్ కూడా ఉండదు. ఇది చిన్న విషయమనుకునేవాళ్లు రోజంతా ఎండలో లెవెల్స్ చూడలేదన్నమాట.

ఇంకో సంగతి. దేశంలో చాలా నగరాల తోటలకు మొక్కలు వెళ్లేది కడియం, కడియపులంక నర్సరీల నుంచే. అక్కడ సంచుల్లో మట్టి నింపేదీ, అంట్లు కట్టేదీ, నీళ్లు పట్టేదీ చాలామటుకు కూలికి వచ్చే ఆడవాళ్లు. ఏ మొక్క ఏ మట్టిలో బతుకుతుందో, ఏది లారీ ప్రయాణం తట్టుకోదో వాళ్లకు తెలిసినంత డ్రాయింగు గీసినవాళ్లకు తెలియకపోవచ్చు. ఫరాండ్ తన ఆఖరి ఏళ్లు తన దగ్గర తోటపని చూసిన ఏమీ గార్లండ్ కుటుంబం పొలంలోనే గడిపారు. మన దగ్గర డిజైనరుకూ నర్సరీ కూలికీ మధ్య మాట కలిసే సందర్భమే తక్కువ. వృత్తిలో స్త్రీల ఎదుగుదల అన్నప్పుడు ఏసీ స్టూడియోలో కూచున్నవారి జీతం ఒక్కటే లెక్కేస్తే కడియం సగం లెక్క తప్పుతుంది.

చేయదగ్గ పనులు కొన్ని కనిపిస్తున్నాయి. చెరువు గట్టు సుందరీకరణ టెండరులో సిమెంటు, గ్రానైట్, లైట్ల పరిమాణాలన్నీ బస్తాతో సహా రాస్తారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పేరు, ఆమె బాధ్యత, ఆమె ఫీజు కూడా ఒక పద్దుగా ఉండాలి. ఆ ఫీజు డ్రాయింగు ఇచ్చిన రోజుతో ముగియకూడదు. అయిదేళ్లపాటు ఏటా రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరు వానలయ్యాక ఒకసారి, ఆమె సైటుకు వచ్చి ఏది బతికింది, ఏది చచ్చింది, నీరు ఎక్కడ నిలిచింది అని రాసిచ్చేందుకు చెల్లించాలి. ఆ నివేదికలు మునిసిపల్ కార్యాలయంలో ఒక ఫైలుగా ఉంటే తర్వాత వచ్చే కమిషనరు కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు, తర్వాత వచ్చే విద్యార్థిని వాటి మీద పరిశోధన చేసుకోవచ్చు. న్యూయార్క్ స్టేటన్ ఐలండ్ దగ్గర సముద్రంలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కేట్ ఆర్ఫ్ సంస్థ రూపమిచ్చిన అలల అడ్డుగోడలు 2024లో పూర్తయ్యాయి. 2012 నాటి శాండీ తుపాను తర్వాత మొదలై పన్నెండేళ్లు పట్టిన పని అది. అంతకాలం ఒక డిజైనరుకు పనీ జీతమూ దొరకడానికి అక్కడి ప్రభుత్వం డబ్బు కేటాయించింది. ఇక శిలాఫలకం విషయం. ప్రారంభించిన మంత్రి పేరు, అధ్యక్షత వహించిన ఎమ్మెల్యే పేరు, ఇంజనీర్ల పేర్లు, కాంట్రాక్టరు పేరు ఎలాగూ చెక్కుతున్నారు. అడుగున ఇంకో వరుస చెక్కడానికి అయ్యే ఖర్చెంతో ఈ సభలో ఉన్న పురపాలక ఇంజనీర్లకు తెలుసు. అయిదేళ్ల ఫీజు సంగతి వేరు. దానికి బడ్జెట్‌లో పద్దు కావాలి, వచ్చే మార్చిలోపు ఎవరో ఒకరు కౌన్సిల్లో లేచి అడగాలి.